కురిక్యాల గుట్ట మీది జైన కవి

10వ శతాబ్దంలో సిరిసిల్ల, తంగళ్ళపల్లి ప్రాంతం వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో ఉండేది. వారు రాష్ట్రకూటులకు సామంతులు. వారి అండన ఈ సీమలో జైనం వర్ధిల్లింది. రెండో అరికేసరి ఆస్థానకవి పంపడు 941లో కన్నడంలో ఆదిపురాణం రచించాడు. పంపని పూర్వీకులు వేంగినాట యజ్ఞాలు చేసిన వైదికులు. తండ్రి భీమపయ్య జైనం స్వీకరించాడు.

పంపని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర, నేడు బొమ్మలగుట్ట అని పిలిచే కొండపై తీర్థంకరుల, చక్రేశ్వరి విగ్రహాలు చెక్కించాడు. త్రిభువనతిలకమనే బసది (జైనాలయం) కట్టించి, చెరువు తవ్వించి, తోట వేయించాడు. ఆ గుట్ట రాతి మీద చెక్కించిన సుమారు 945 నాటి శాసనం సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో ఉంది. తెలుగు భాగంలో మూడు కందపద్యాలు ఉన్నాయి. నన్నయ భారతానికి అవి దాదాపు నూరేళ్లు ముందువి. కొలువు భాష కన్నడమైనా, గుట్ట కింది ఊళ్లవాళ్ల మాటకు కూడా రాతి మీద చోటివ్వడం ఆ కవి పెద్ద మనసు. రాజుల అండ ఆ తర్వాతా కొనసాగింది: 966లో మూడో అరికేసరి వేములవాడలోని శుభధామ జినాలయం కోసం జైనాచార్యుడు సోమదేవసూరికి ఒక గ్రామం దానమిచ్చాడు.

ఇదే శతాబ్దం చివర, ఎక్కడో ఉత్తరాన ఉన్న ఐస్‌లాండ్‌లో మతం మారుతున్న వేళ కొందరు కవులు పాత దేవతల పక్షాన నిలబడ్డారు. క్రైస్తవ బోధకుడు థాంగ్‌బ్రాండ్‌తో స్టెయినున్ అనే కవయిత్రి వాదానికి దిగింది. అతని ఓడను పగలగొట్టింది తమ దేవుడు థోరేనని పద్యం చెప్పింది. థాంగ్‌బ్రాండ్‌ను నిందిస్తూ పద్యం చెప్పిన వెట్ర్‌లిడి అనే కవి హతుడయ్యాడు. సుమారు 1000లో ఆల్‌థింగ్ సభ కొత్త మతాన్ని అంగీకరించింది. స్టెయినున్ పద్యాలు మాత్రం తర్వాతి క్రైస్తవ లేఖకుల గ్రంథాల్లోనే మిగిలాయి.

తెలుగునేల మీద కథ వేరుగా నడిచింది. జినవల్లభుడికి రాజు అండ ఉంది కనుక ఎదిరించే అవసరం రాలేదు. ఒత్తిడి తర్వాతి తరాల మీద పడింది. అయినా 1117లో కాకతీయ రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ హనుమకొండ పద్మాక్షి గుట్టపై కడలాలయ బసదిని కట్టించింది. అంటే శైవం పెరుగుతున్నా జైనం ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోలేదు. ఆ తర్వాత వీరశైవం ఉద్ధృతమైంది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో శైవభక్తులు జైనులను ఓడించే కథలున్నాయి. అవన్నీ గెలిచిన పక్షం చెప్పినవే. జైనుల వైపు నుంచి స్టెయినున్‌లా గొంతెత్తిన పద్యమేదీ తెలుగులో ప్రసిద్ధికెక్కలేదు.

జైనుల పక్షానికి సాక్ష్యంగా కురిక్యాల రాయి నిలిచింది. దాన్ని ఎవరూ తిరగరాయలేదు, మధ్యవర్తుల కలం దాన్ని తాకలేదు. అయితే ఆ గుట్ట చుట్టూ గ్రానైట్ తవ్వకాలు సాగాయి. పేలుళ్లకు రాయి బీటలు వారితే ఆ మూడు కందాలకు వేరే మూలప్రతి లేదు. గుట్టను, దాని చుట్టుపక్కల నేలను తవ్వకాల నుంచి శాశ్వతంగా కాపాడాలి.