ముఖం పడమరకు, కాళ్లు ఎర్రగుంట్లలో

ఎర్రగుంట్లలో నేల అంటే రాయి. ఇళ్ల గచ్చులు, అరుగులు, దొడ్డి గోడలు, చివరికి గోరీల మీది పలకలు కూడా నాపరాయే. ఇక్కడి సున్నపురాయి కోసమే సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. మేము సజ్దా చేసేటప్పుడు మా నుదురు ఆనేది ఈ రాతి నేలకే. మధ్యలో ఒక చాప, అంతే.

అయినా మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. మీరంతా పడమటి వైపే తిరిగి ఎందుకు మొక్కుతారు, మీ దేవుడు అక్కడే ఉంటాడా అని. అడిగేవాళ్లందరూ శత్రువులు కారు. టీ బంకు దగ్గర, రైల్లో, ఆఫీసులో మామూలుగానే అడుగుతారు. కొందరి గొంతులో మాత్రం ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంటుంది. ముఖం అటు పెట్టుకున్నవాళ్ల మనసు ఇక్కడెట్లా ఉంటుంది? మొదటి ప్రశ్న మతానికి సంబంధించింది. రెండోది మా దేశభక్తికి పెట్టే పరీక్ష. ఈ రెండింటినీ విడదీసి మాట్లాడుకోవాలి.

ముందు భూగోళం సంగతి. ఎర్రగుంట్ల నుంచి మక్కా నేరుగా పడమర కాదు. పడమర నుంచి సుమారు 16 డిగ్రీలు ఉత్తరానికి జరగాలి. ఆ గీత కర్ణాటక దాటి, కొంకణ తీరం దాటి, అరేబియా సముద్రం మీదుగా ఒమన్ చేరుతుంది. మమ్మల్ని పొమ్మనే దేశం ఆ గీత మీద లేదు. ఏటా మే 28, జూలై 16 ప్రాంతాల్లో సూర్యుడు కాబా నడినెత్తిన నిలబడతాడు. మనకప్పుడు మధ్యాహ్నం మూడు కావస్తుంటుంది. ఆ వేళకు ఎర్రగుంట్లలో ఒక కట్టె నిలువుగా పాతి, దాని నీడకు ఎదురుగా తిరిగితే అదే కిబ్లా. తరతరాలుగా మా పెద్దలు ఈ లెక్కలేమీ చూడలేదు. పొద్దు గుంకే దిక్కుకు తిరిగి నిలబడ్డారు. వాళ్ల నమాజు చెడలేదు. కాబా కంటికి కనిపించనంత దూరంలో ఉన్నవాళ్లకు ఆ దిక్కు చాలునని, గురి తప్పకుండా ఆ కట్టడానికే తిరగాలని లేదని హనఫీ పండితులు ఎప్పుడో తేల్చారు. చీకట్లో, తెలియని ఊర్లో ఆలోచించుకుని ఒక దిక్కుకు తిరిగి నమాజు ముగించాక అది తప్పు దిక్కని తెలిసినా మళ్లీ చదవనక్కర లేదన్నారు. కిబ్లాను తప్పనిసరి చేసిన ధర్మశాస్త్రమే దాన్ని ఇంత సడలించి పట్టుకుంది.

ఇక చరిత్ర. 622లో ప్రవక్త మదీనాకు వెళ్లాక పదహారు పదిహేడు నెలలపాటు ముస్లింలు జెరూసలేం వైపు తిరిగి నమాజు చేశారు. 624లో కిబ్లా కాబా వైపుకు మారింది. మదీనాలో రెండు కిబ్లాల మసీదు ఆ మార్పుకు గుర్తుగా నేటికీ ఉంది. అప్పుడు కూడా ఎగతాళి చేసినవాళ్లున్నారు, నిన్నటి దిక్కు ఏమైందని. దానికి ఖురాన్ ఇచ్చిన జవాబు సారాంశం ఇది. తూర్పు పడమరలు రెండూ అల్లాహ్‌వే. ముఖాలను అటో ఇటో తిప్పడంలో పుణ్యం లేదు. విశ్వాసంలో ఉంది, ఇష్టమైన సొమ్మును అనాథలకు, బాటసారులకు, చెరలో ఉన్నవాళ్లకు ఇవ్వడంలో ఉంది. దిక్కును నిర్ణయించిన అధ్యాయంలోనే దిక్కు గొప్పదనం ఇంతేనని కూడా చెప్పారు. ఈ రెండు మాటలనూ కలిపి చదవకపోవడం వల్లనే సగం తగాదాలు వస్తున్నాయి.

రాతిని మొక్కుతారనే నింద కూడా పాతదే. కాబాలోని నల్లరాతిని ముద్దుపెట్టుకుంటూ ఖలీఫా ఉమర్, ఇది మేలు కీడు చేయలేని రాయని తనకు తెలుసునని, ప్రవక్త ముద్దుపెట్టుకోవడం చూశాడు కాబట్టే తానూ పెట్టుకుంటున్నానని చెప్పినట్టు హదీసుల్లో ఉంది. 683లో మక్కా ముట్టడిలో కాబా అగ్నికి ఆహుతై మళ్లీ కట్టవలసి వచ్చింది. 930లో ఖర్మతీలు నల్లరాతినే పెకిలించుకుపోయారు. అది 951లో గానీ తిరిగి రాలేదు. ఇరవై ఏళ్లకు పైగా రాయి అక్కడ లేకపోయినా నమాజు ఆగలేదు. ముస్లింలు మొక్కేది రాతికే అయితే ఆ ఇరవై ఏళ్లు ఎవరికి మొక్కినట్టు?

అందుకే నమాజుకు మొదటి మెట్టు నియ్యత్, అంటే మనసులో చేసుకునే సంకల్పం. దేవుణ్ణి చూస్తున్నట్టే ఆరాధించు, నువ్వు చూడలేకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడు అన్నది ప్రవక్త బోధ సారం. 1111లో కన్నుమూసిన ఇమాం గజాలీ, మనసు హాజరు కాని నమాజు గురించి పేజీలకు పేజీలు రాశాడు. సూఫీలు ఈ దారిలోనే ఇంకా ముందుకు పోయారు. మక్కాకు పోలేనివాడు ఇంట్లోనే ఒక చోటు శుభ్రం చేసుకుని, దాని చుట్టూ తిరిగి, ముప్పై మంది అనాథలకు అన్నం పెడితే హజ్‌కు సాటి అన్నాడని హల్లాజ్ మీద మోపిన నేరాల్లో ఒకటి. 922లో బాగ్దాద్‌లో ఆయన్ని చంపారు. లోపలి చూపు అనేది ఖర్చులేని మాట కాదు. దానికి ప్రాణాలిచ్చినవాళ్లున్నారు.

మా కరువు సీమకు ఈ మాట కొత్త కాదు. వేమన ఈ నేల మీదే తిరిగాడు. బ్రహ్మంగారి దగ్గరికి చేరిన దూదేకుల సిద్ధయ్య కథ ఇక్కడ వినని ఇల్లు లేదు. ఏ మతం వాడివని నిలదీసిన సిద్ధవటం నవాబుకు సిద్ధయ్య ఒక బండరాయిని పగలగొట్టి జవాబు చెప్పాడని జనం నమ్ముతారు. తత్వాలు పాడేవాళ్లలో సాయిబులు, దూదేకులవాళ్లు, సాలెవాళ్లు, మాలమాదిగలు అందరూ ఉన్నారు. దేవుడు లోపలే ఉన్నాడనే మాటను మాకు అరబ్బీ కంటే ముందు తెలుగే నేర్పింది.

అయితే ఒక సంగతి గమనించాలి. గుడులతో పనిలేదన్న వేమనకు కటారుపల్లెలో సమాధి ఉంది, తిరునాళ్లు జరుగుతుంది. బ్రహ్మంగారి సమాధి చుట్టూ ఒక ఊరే వెలిసింది. మనసే మసీదన్న సూఫీల సమాధులే దర్గాలయ్యాయి. కడప పెద్ద దర్గాకు ఉరుసు నాడు ఏ మతం వాళ్లు ఎందరో లెక్కపెట్టలేం. స్థలం అక్కరలేదన్నవాళ్లే మాకు స్థలాలు మిగిల్చిపోయారు. ఇందులో వైరుధ్యం ఉందని మేము అనుకోము. మనసు ఒంటరిది. మనుషులు కలవాలంటే కాలు పెట్టే చోటు కావాలి. పీర్ల సావిడి ఏడాదంతా మూతబడి ఉన్నా, మొహర్రం పది రోజులు రెడ్డీ, బోయా, మాదిగా, సాయిబూ ఒకే గుండం చుట్టూ తిరుగుతారు. ఆ సావిడి లేకపోతే వాళ్లను కలిపేది ఏ సిద్ధాంతం?

ఇక్కడ మా లోపలి తగువు ఒకటి చెప్పుకోవాలి. ఈ మధ్య మా ఊర్లలో సంస్కరణ పేరుతో, పీర్లు వద్దు, దర్గా వద్దు, అల్లాహ్‌కు స్థలంతో పనిలేదు అనే మాట బలపడింది. మాట వినడానికి శుద్ధంగానే ఉంది. కానీ దాని బరువు ఎవరి మీద పడుతోంది? మా ఆడవాళ్ల మీద. మా చిన్న ఊర్ల మసీదుల్లో చాలాచోట్ల ఆడవాళ్లకు చోటు లేదు. ఇంట్లో చదువుకుంటే చాలు, ఎక్కడైనా నమాజే కదా అంటాం. అల్లాహ్ దాసీలను అల్లాహ్ మసీదులకు రాకుండా ఆపవద్దన్న ప్రవక్త మాటను మాత్రం మెల్లగా పక్కన పెడతాం. వాళ్లకు మిగిలింది దర్గా గడప, పీర్ల సావిడి ముంగిలి. తమ దుఃఖం చెప్పుకోవడానికి ఇల్లు దాటి వెళ్లగలిగిన చోట్లు అవే. అవి కూడా తప్పన్నాక వాళ్లకు స్థలమేది? ముస్లిం స్త్రీలు మసీదుకు రావడానికి మతంలో అడ్డు లేదని 2020లో ముస్లిం పర్సనల్ లా బోర్డే సుప్రీంకోర్టుకు చెప్పింది. కోర్టుకు చెప్పిన మాట మా వీధి మసీదు మెట్లదాకా ఇంకా రాలేదు. ఎక్కడైనా చదువుకోవచ్చనే వెసులుబాటును, నువ్విక్కడికి రావద్దనే ఆజ్ఞగా మార్చింది మేమే.

అదే మాటను రాజ్యం మా మీద వాడినప్పుడు నొప్పి తెలిసింది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదును కూల్చారు. ఆ స్థలాన్ని ప్రభుత్వం తీసుకోవడం మీద వచ్చిన ఇస్మాయిల్ ఫారూఖీ కేసులో 1994 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మసీదు ఇస్లాం ఆచరణలో తప్పనిసరి భాగం కాదని, నమాజు ఎక్కడైనా, ఆరుబయట కూడా చేసుకోవచ్చని అందులో అన్నారు. గుడి అయినా చర్చి అయినా ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చని కూడా అన్నారు, న్యాయంగా అది చెప్పాలి. ఐదుగురిలో ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పుతో విభేదించారు. ఆ మాటను పెద్ద ధర్మాసనం మళ్లీ పరిశీలించాలని కోరితే 2018లో ఇద్దరు వద్దన్నారు, జస్టిస్ అబ్దుల్ నజీర్ ఒక్కరే కావాలన్నారు. 2019 నవంబర్ 9న స్థలం గుడికి వెళ్లింది. మసీదుకు వేరే చోట ఐదెకరాలు ఇమ్మన్నారు.

నమాజు ఎక్కడైనా చేసుకోవచ్చన్న మాట శాస్త్రం ప్రకారం తప్పు కాదు. మేమే ఆ మాట చెబుతాం. కానీ ఆరుబయట చేసుకోవచ్చన్న దేశంలోనే 2018లో, మళ్లీ 2021లో గుర్‌గావ్‌లో ఆరుబయట శుక్రవారం నమాజును గుంపులు అడ్డుకున్నాయి. బహిరంగ నమాజును సహించేది లేదని హర్యానా ముఖ్యమంత్రే ప్రకటించారు. మసీదు పోతే ఆరుబయట చేసుకోమంటారు. ఆరుబయట చేస్తే మసీదుకు పొమ్మంటారు. 2025 వక్ఫ్ సవరణ చట్టం, తరతరాల వాడుక వల్లనే ఒక స్థలం వక్ఫ్ అవుతుందనే సూత్రాన్ని ఇక ముందుకు లేకుండా చేసింది. కాగితం లేకపోయినా కాలి ముద్రలే సాక్ష్యంగా ఉన్న మాలాంటి పేదల ఊర్లకు ఇది చిన్న విషయం కాదు.

ఖలీఫా ఉమర్ గురించే మరో కథనం ఉంది. 637 ప్రాంతంలో జెరూసలేం లొంగిపోయాక, క్రైస్తవుల పవిత్ర చర్చిలో ఉండగా నమాజు వేళ అయింది. మతగురువు అక్కడే చేసుకోమన్నాడు. ఉమర్ ఒప్పుకోక బయటికి వచ్చి చేశాడు. తాను లోపల నమాజు చేస్తే రేపు ముస్లింలు అదే సాకుతో ఆ చర్చిని గుంజుకుంటారని భయపడ్డాడట. నమాజు ఎక్కడైనా చేసుకోవచ్చనే సూత్రాన్ని ఇంత బాగా వాడినవాడు మాకు మరొకడు కనిపించడు. ఎదుటివాడి స్థలాన్ని కాపాడడానికి ఆయన దాన్ని వాడాడు. ముస్లిం పాలకులందరూ ఆ దారినే నడిచారని మేము అనము. నడవనివాళ్లూ ఉన్నారు. కానీ కొలబద్ద మాత్రం అదే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మసీదులు మూతబడ్డాయి. ఆ ఏడు రంజాన్ నెలంతా, ఈద్ నమాజు కూడా, ఇళ్లలోనే చదివాం. మనసు పెట్టే చదివాం. నమాజుకు లోటు రాలేదు. అయినా పక్కవాడి భుజం తగలని ఆ వరసలో ఏదో తక్కువైంది. జూన్‌లో తలుపులు తెరిచాక దూరం దూరంగా నిలబడినా కళ్లు చెమర్చినవాళ్లున్నారు. నమాజుకు స్థలం ఎంత అవసరమో, ఎంత అనవసరమో ఆ రెండున్నర నెలల్లో మాకు ఒకేసారి తెలిసింది.

అందుకని మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. స్థలం అక్కరలేదనే మాట నమాజు చేసేవాడు తనకు తాను చెప్పుకుంటే అది భక్తి. చేయి సాగినవాడు చేయి సాగనివాడికి చెబితే అది వెళ్లగొట్టడం, చెప్పింది కోర్టయినా, గుంపయినా, మా ఇంటి మగవాళ్లమైనా. మా ముఖం పడమరకు తిరిగి ఉంటుంది. అది నాలుగు నిమిషాలో, పది నిమిషాలో. నమాజు చివర కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి తల తిప్పి సలాం చెబుతాం. అటూ ఇటూ ఉండేది ఎర్రగుంట్లే.