ముందుకు వంగిన రౌతు

పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా యూరప్ రౌతులు అడ్డంకి దూకేటప్పుడు వెనక్కి వాలి కళ్లెం బిగబట్టేవారు. గుర్రం ముంగాళ్లపై భారం తగ్గించామనుకునేవారు. పడేదేమో దాని నడుం మీద బరువు, నోట్లో నొప్పి.

ఇటలీ అశ్వికదళ అధికారి ఫెదెరీకో కాప్రిల్లి (1868–1907) రౌతు లేకుండా దూకే గుర్రాలను గమనించాడు. అవి మెడ చాచి, ముంగాళ్ల మీదే దిగేవి. అందుకే రికాబులు కురచ చేసి, జీను మీంచి కాస్త లేచి ముందుకు వంగమన్నాడు. చేతులు గుర్రం మెడ కదలికను అనుసరించాలన్నాడు. 1902లో ట్యూరిన్‌లో మెలోపో అనే గుర్రంపై 2.08 మీటర్ల ఎత్తు దూకి చూపించాడు.

పినెరోలో, తోర్ దీ క్వింతో అశ్విక పాఠశాలలు ఈ పద్ధతినే చేపట్టాయి. నిటారు వాలుల్లో గుర్రాన్ని దించడమూ అక్కడి సాధనే. విదేశీ అధికారులూ నేర్చుకోవడానికి వచ్చారు.

దూకడం నేర్పేటప్పుడు గుర్రం అడుగుల లయ కుదరడానికి వరుసగా పేర్చే తక్కువ ఎత్తు అడ్డకర్రలను నేటికీ ఇటాలియన్ పేరుతోనే ‘కావలెట్టి’ అంటారు.