గొళ్లెం విరిచిన దొర

ఆ కట్టె కాస్త లోపలికి నెట్టరా చిన్నోడా, పొగ కళ్లలో పడుతోంది. ఆఁ, ఏమంటున్నావు? మీ కొత్త సీఈఓ వచ్చాక ఆఫీసు గోడల నిండా ‘మన విలువలు’ అంటూ పోస్టర్లు అంటించారా? అంటించుకోనీ. వాటిని చదివేదెవరు! పైవాడు ఏం చేస్తున్నాడా అని అందరూ ఓరకంట చూస్తుంటారు. అసలు పాఠం అక్కడుంటుంది.

డెబ్బైల్లో నేను బాలానగర్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేశాను. పేరెందుకులే. ఒక్క రెసిస్టర్ కావాలన్నా ఇండెంట్ రాయాలి. దాని మీద సెక్షన్ హెడ్ సంతకం, స్టోర్స్ ఆఫీసర్ సంతకం పడాలి. ఆపైన తాళంచెవి ఉన్న స్టోర్‌కీపర్ భోజనం ముగించుకుని రావాలి. వస్తువు ఖరీదు పైసల్లో, దానికి పోయేది ఒక పూట. అందుకని ఒకటి కావలసిన చోట పది రాసి, తొమ్మిది సొరుగులో దాచేవాళ్లం. మా సొరుగుల్లో ఉన్న సరుకు స్టోర్స్‌లో ఉండేది కాదంటే నమ్ము!

మా ల్యాబ్‌లో హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్ల ఆసిలోస్కోప్ ఒకటి ఉండేది. పెద్దసారు పక్కన లేకుండా దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ కంపెనీ కథ నేను తర్వాతెప్పుడో చదివాను. బిల్ హ్యూలెట్, డేవ్ ప్యాకార్డ్ స్టాన్‌ఫర్డ్‌లో కలిసి చదివిన స్నేహితులు. 1939లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, అద్దింటి కారు షెడ్డులో 538 డాలర్లతో కంపెనీ పెట్టారు. ఎవరి పేరు ముందుండాలో బొమ్మా బొరుసా వేసి తేల్చుకున్నారు.

అంతకుముందు ప్యాకార్డ్ స్కెనెక్టడీ అనే ఊళ్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో చేశాడు. అక్కడ పనిముట్లకు, విడిభాగాలకు గట్టి కాపలా. దొంగలనేగా అనుకుంటున్నారు, సరే దొంగలమే అనిపించుకుందాం అని జనం దొరికింది దొరికినట్టు ఇంటికి పట్టుకుపోయేవారట. ప్యాకార్డ్ ఉన్న ఇంటి అటక మీదికీ ఆ సామాను ఎక్కింది. అది చదివి నేనొక్కణ్ణే నవ్వుకున్నాను, మా సొరుగులు గుర్తొచ్చి.

అందుకే తన కంపెనీలో సామాను గదులు తెరిచే ఉంచమన్నాడు. అయినా స్టోర్స్ వాళ్ల చెయ్యి ఊరుకుంటుందా? ఒక సెలవురోజు హ్యూలెట్ మైక్రోస్కోప్ కోసం వస్తే తాళం వేసి ఉంది. గొళ్లెం విరగ్గొట్టి, కావలసింది తీసుకుని, ఇకమీదట ఈ గదికి తాళం పడకూడదని చీటీ రాసిపెట్టి పోయాడు. సర్క్యులర్ వేయొచ్చుగా అంటావేమో. వేస్తే ఫైల్లో పడి ఉండేది. విరిగిన గొళ్లెం సంగతైతే టీ వేళకల్లా ఊరంతా పాకదూ!

1970లో ఆర్డర్లు పడిపోయాయి. పదిశాతం మందిని తీసేయాల్సిన పరిస్థితి. ప్యాకార్డ్ అప్పుడు వాషింగ్టన్‌లో రక్షణశాఖ ఉపమంత్రి, ఇక్కడ భారమంతా హ్యూలెట్‌దే. రెండు వారాలకు పది రోజులు పని ఉంటే తొమ్మిదే చేద్దాం, జీతంలో పదోవంతు కోసుకుందాం అన్నాడు. ఆ కోత పెద్ద ఆఫీసర్లకూ పడింది. ఆరు నెలలకు ఆర్డర్లు తిరిగొచ్చాయి, జీతాలూ తిరిగొచ్చాయి.

ఆ పాత నమ్మకమేనేమో, 2001లో సీఈఓ కార్లీ ఫియోరినా హయాంలో కొంత జీతం స్వచ్ఛందంగా వదులుకోమని అడిగితే 80,000 మందికి పైగా సరేనన్నారు. కొన్ని వారాలు తిరక్కుండానే 6,000 ఉద్యోగాలు తీసేస్తున్నామన్నారు. అప్పటికి వ్యాపారం తీరు మారిందిలే, తప్పంతా ఆవిడ మీదే వేయను. కానీ అడిగి, ఇప్పించుకుని, వెంటనే కోయడం ఏం పద్ధతిరా?

అలాగని ఆ పెద్దమనుషులిద్దరూ దేవుళ్లేం కాదు. ప్యాకార్డ్ మాటంటే సుత్తి దెబ్బే. కొలరాడో ల్యాబ్‌లో చక్ హౌస్ అనే కుర్ర ఇంజనీరు పెద్ద తెర మానిటర్ ఒకటి తయారుచేస్తుంటే, వచ్చే ఏడాది నేనొచ్చేసరికి ఇది ల్యాబ్‌లో కనపడకూడదన్నాడు. హౌస్ సెలవు పెట్టి, నమూనాను కార్లో వేసుకుని, కాలిఫోర్నియా దారిలో తగిలిన కస్టమర్లకల్లా చూపించుకుంటూ పోయాడు. తిరిగొచ్చి పైఆఫీసరు వెంటపడి ఉత్పత్తిలో పెట్టించాడు. మరుసటేడు ప్యాకార్డ్ వచ్చేసరికి అది నిజంగానే ల్యాబ్‌లో లేదు, బజార్లో ఉంది! 17,000 పైచిలుకు అమ్ముడుపోయాయి. తర్వాత చాలా ఏళ్లకు ఇంజనీర్లందరి ముందూ ప్యాకార్డే హౌస్‌ను పిలిచి, నా మాట ధిక్కరించినందుకని చెప్పి మరీ పతకం ఇచ్చాడు.

ఉద్యోగం పోతుందని భయపడలేదా అంటే, ధిక్కరిద్దామని నేననుకోనేలేదు, ఆ సరుకు మన కంపెనీకి పనికొస్తుందని చేశాను, ఉద్యోగం పోవచ్చన్న ఆలోచనే తట్టలేదన్నాడట హౌస్.