నల్లబల్ల కనబడని పిల్లలు

ఈ పూట మన గోదావరి జిల్లాలకు సంబంధించిన ఒక సంగతి జ్ఞాపకము చేసుకొందాము.

దూరపు చూపు తగ్గిన పిల్లవాడు ఆ సంగతి ఇంట్లో చెప్పడు. పుస్తకము దగ్గరగా పెట్టుకొంటే అక్షరాలు బాగానే కనబడతాయి, నల్లబల్ల మీదివే అలుక్కుపోతాయి. చూపు మెల్లమెల్లగా తగ్గింది గనుక, అందరికీ అలాగే కనబడుతుందనుకొంటాడు. బేత్సయిదాలోని గ్రుడ్డివానికి మొదట మనుష్యులు చెట్లవలె కనబడిన సంగతి మీకు తెలుసు. అడిగినవాడు ఉన్నాడు గనుక అతడు చెప్పగలిగాడు. మన పిల్లవాణ్ణి అడిగేవారు లేరు. మొద్దు అని వెనుక బెంచీకి పంపుతారు. అక్కడినుండి బల్ల ఇంకా దూరము!

అందుకే పరీక్షే బడికి వెళ్లాలి. దానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. 1862లో హాలెండు వైద్యుడు స్నెల్లెన్ తయారుచేసిన అక్షరాల పట్టిక, ఆరు మీటర్ల జాగా ఉంటే మొదటి పరీక్ష చేయవచ్చు. మన దేశములో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమము 1976లో మొదలైంది. ఉపాధ్యాయుడే ముందు చూసి, అనుమానమున్న పిల్లలను కంటి నిపుణుల దగ్గరకు పంపడము, పేదపిల్లలకు ఉచితముగా అద్దాలివ్వడము తరువాత అందులో చేరాయి. 1996 - 2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ జరిపిన సర్వేలో మన పశ్చిమ గోదావరి కూడా ఉంది. అద్దాలతో సరిపోయే లోపమే చూపు మందగించడానికి ఒక పెద్ద కారణమని అందులో తేలింది.

తణుకునుండి గోదావరి దాటి కాకినాడ వైపు వెళ్తే శ్రీకిరణ్ కంటి ఆసుపత్రి ఉంది. దానిని స్థాపించిన సంకురాత్రి చంద్రశేఖర్‌గారు కంటి వైద్యులు కారు, కెనడాలో ఉద్యోగము చేసిన జీవశాస్త్రవేత్త. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానము ఐర్లండు తీరము దగ్గర బాంబు పేలి కూలిపోయింది. మరణించిన 329 మందిలో ఆయన భార్య మంజరి, కుమారుడు శ్రీకిరణ్, కుమార్తె శారద ఉన్నారు. ఇద్దరూ చిన్నపిల్లలే. మూడేండ్ల తరువాత ఆయన ఉద్యోగము మానుకొని ఇక్కడికి వచ్చేశారు. కుమార్తె పేరట 1992లో పేదపిల్లలకు బడి, కుమారుని పేరట 1993లో కంటి ఆసుపత్రి పెట్టారు. బళ్లకు వెళ్లి పిల్లల కళ్లు పరీక్షించడము కూడా ఆ సంస్థ పనులలో ఒకటైంది. 2023లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. దుఃఖములో ఉన్న మనిషి ఇంత పని చేయగలడా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ప్రభుత్వము 2019 అక్టోబరు 10న అనంతపురములో కంటి వెలుగు ఆరంభించి, సుమారు 70 లక్షల మంది విద్యార్థులను మొదట పరీక్షించాలని తలపెట్టింది. మంచి పనే. అయితే అద్దాలు పంచి, ఫొటో తీసుకొన్న రోజుతో పని అయిపోదు. పిల్లలు ఎదుగుతారు, నంబరు మారుతుంది, ఫ్రేము విరుగుతుంది. తోటివారు వెక్కిరిస్తే అద్దాలు సంచిలోకి పోతాయి. ఆడపిల్లయితే, రేపు సంబంధాలు రావేమోనని కన్నతల్లే తీసి దాచేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ బడికి మళ్లీ వెళ్లి, అద్దాలు ముఖము మీద ఉన్నాయా, పెట్టెలో ఉన్నాయా అని చూసేవారు కావాలి. మన సండే స్కూలు ఉపాధ్యాయులు ప్రతి ఆదివారము ఆ పిల్లల ముఖాలు చూస్తూనే ఉన్నారు.