1,270 కార్ల భద్రతను ఎలా తూకం వేయాలి?

దోహాకు దక్షిణాన, అల్ వక్రా మునిసిపాలిటీలో ఉంది అల్ వుకైర్. భారతీయ కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన చోటు. అక్కడి తెలుగువారికి ఖరీదైన స్పోర్ట్స్ కార్లు కొత్త కాదు, పక్క లేన్‌లో దూసుకుపోతూ కనిపించేవే. వాటి గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఒకటి, అలాంటి కారు ఎక్కితే ప్రాణాలకు గ్యారంటీ లేదని. రెండోది, అంత డబ్బు పోసి కొన్న కారులో భద్రతకు లోటేముంటుందని. ఈ రెండింటికీ ఆధారం ఎంతుందో పోర్షే కరేరా జీటీ అనే ఒక్క కారును తీసుకుని చూద్దాం.

తెలిసిన సంగతులు

2003 నుంచి 2006 వరకు జర్మనీలోని లైప్‌జిగ్‌లో సుమారు 1,270 కరేరా జీటీలు తయారయ్యాయి. సీట్ల వెనక పది సిలిండర్ల, 5.7 లీటర్ల ఇంజను, 612 హార్స్‌పవర్, 1,380 కిలోల బరువు. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ ఉన్నాయి. కారు అదుపు తప్పబోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి నిలబెట్టే స్టెబిలిటీ కంట్రోల్ మాత్రం లేదు. 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటాలో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్, కారు నడుపుతున్న ఆయన మిత్రుడు ఈ కారులోనే మరణించారు. ఆ కారు ప్రమాదకరమైనదన్న పేరు ఆ ఘటనతో ప్రపంచమంతా పాకింది.

మరణాల లెక్క ఎందుకు చాలదు

అమెరికాలో ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ అనే సంస్థ మోడల్ వారీగా డ్రైవర్ల మరణాల రేటు ప్రకటిస్తుంది. ఒక కారు ఒక ఏడాది రిజిస్ట్రేషన్‌లో ఉంటే అది ఒక వాహన సంవత్సరం. ఆ జాబితాలో చేరాలంటే మోడల్‌కు కనీసం లక్ష వాహన సంవత్సరాలైనా ఉండాలి, లేదా నిర్ణీత సంఖ్యలో మరణాలైనా నమోదై ఉండాలి. ప్రపంచంలోని కరేరా జీటీలన్నీ, ఒక్కటీ పాడవకుండా, ఇరవై ఏళ్లు రోడ్డు మీదే ఉన్నాయనుకున్నా వచ్చేది 25,400 వాహన సంవత్సరాలే. లక్షలో నాలుగో వంతు.

2017 మోడల్ కార్లకు ఆ సంస్థ చెప్పిన సగటు పది లక్షల వాహన సంవత్సరాలకు 36 మరణాలు. 25,400కు ఆ సగటు ప్రకారం ఒక మరణం కూడా రాదు. ఒకటి జరిగితే రేటు 39, అంటే దాదాపు సగటే. రెండు జరిగితే 79, అంటే సగటుకు రెట్టింపు పైనే. అయితే సగటు కారంత భద్రమైన కారుకు కూడా కేవలం యాదృచ్ఛికంగా రెండో, అంతకన్నా ఎక్కువో మరణాలు ఎదురయ్యే అవకాశం సుమారు 23 శాతం. ఇంత చిన్న లెక్కతో కారును దోషిగా నిలబెట్టలేం.

నిర్దోషిగానూ వదిలేయలేం. ఒక్క మరణమూ లేదనుకున్నా, అసలు రేటు పది లక్షలకు 118 దాకా ఉండే వీలును గణాంకశాస్త్రం కొట్టిపారేయదు. పైగా ఇలాంటి కార్లు చాలావరకు గ్యారేజీల్లోనే ఉంటాయి. ఏటా 15,000 కిలోమీటర్లు తిరిగే కారుతో 1,500 మాత్రమే తిరిగే కారును సమానంగా లెక్కిస్తే, రెండోదాని అపాయం పదో వంతుకు తగ్గి కనిపిస్తుంది.

ఒక ప్రమాదం, పలు కారణాలు

శాంటా క్లారిటా ప్రమాదంపై పోలీసు దర్యాప్తు 2014లో ముగిసింది. గంటకు సుమారు 72 కిలోమీటర్ల పరిమితి ఉన్న చోట కారు 130–150 వేగంతో వెళ్లిందని, టైర్లు తొమ్మిదేళ్ల పాతవని, యాంత్రిక లోపం కనిపించలేదని తేల్చింది. వాకర్ కుమార్తె వేసిన దావా స్టెబిలిటీ కంట్రోల్ లేకపోవడాన్ని లోపంగా చూపింది. అది 2017లో రాజీతో ముగిసింది. రాజీని నేరాంగీకారంగా చదవకూడదు, నిర్దోషిత్వానికి రుజువుగానూ చదవకూడదు.

మరణాలు లెక్కపెట్టకుండానే తూచగల ఆధారాలు రెండున్నాయి. మొదటిది, స్టెబిలిటీ కంట్రోల్ ఉంటే ఒకే వాహనం ప్రమేయమున్న ప్రాణాంతక ప్రమాదాల ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని పైన చెప్పిన సంస్థే 2010లో తేల్చింది. అది మామూలు కార్లపై చేసిన అధ్యయనమే. అయినా 612 హార్స్‌పవర్ ఉన్న కారులో ఆ రక్షణ లేకపోవడం బలహీనతే. రెండోది, సస్పెన్షన్ జాయింట్ల లోహం ఉప్పు వల్ల తుప్పు పట్టి బలహీనపడే వీలుందంటూ 2023లో పోర్షే అమెరికాలోని 489 కార్లను రీకాల్ చేసింది, బాగుచేసేదాకా నడపవద్దని యజమానులను కోరింది. తయారీ ఆగిన పదిహేడేళ్లకు గానీ ఈ లోపం బయటపడలేదు. తక్కువ కార్లు, తక్కువ తిరుగుడు ఉన్నచోట లోపాలు ఆలస్యంగా తెలుస్తాయనడానికి ఇదే నిదర్శనం.

ఖతార్ ఎండలో

కొద్దిగా తిరిగే కారు టైర్లు అరగవు, కానీ ముసలివవుతాయి. అరుగుదల కంటికి కనిపిస్తుంది, రబ్బరు వయసు కనిపించదు. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 2007లో ఒక బీమా కంపెనీ లెక్కలను ప్రస్తావించింది. ఆ కంపెనీ పాలసీదారుల్లో 27 శాతమే ఐదు వేడి రాష్ట్రాల్లో ఉన్నా, టైర్ల క్లెయిముల్లో 77 శాతం అక్కడివే. వాటిలో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి. వేసవి వేడి 45 డిగ్రీలు దాటే ఖతార్‌కు ఈ హెచ్చరిక ఇంకా బలంగా వర్తిస్తుందని అనుకోవడం సమంజసమే.

వయసు తెలుసుకోవడం కష్టం కాదు. టైరు పక్క భాగంలో డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2419 అని ఉంటే 2019లో 24వ వారంలో తయారైందని అర్థం. ఈ వరుస కొన్నిసార్లు లోపలి వైపే ఉంటుంది, వంగి చూడాలి.

తీర్పు

కరేరా జీటీ మిగతా కార్లకన్నా ఎక్కువ ప్రాణాలు తీస్తుందని చెప్పడానికి ఉన్న లెక్కలు చాలవు. భద్రమైనదని చెప్పడానికీ చాలవు. డ్రైవరు పొరపాటును కాచుకునే గుణం దానికి తక్కువని మాత్రం డిజైను ఆధారంగా చెప్పవచ్చు. ఇలాంటి కారు నడిపేవారికీ, బాగుచేసేవారికీ ఒక్క విన్నపం: ఇస్తిమారా (వాహన రిజిస్ట్రేషన్) రెన్యువల్ కోసం ఫాహెస్ కేంద్రంలో వాహన తనిఖీకి వెళ్లేదాకా ఆగకండి. ఛాసిస్ నంబరుపై రీకాల్ ఉందేమో డీలరును అడగండి, టైర్ల మీది ఆ నాలుగు అంకెలు ఈ రోజే చూడండి.