తీర్మానాల పుస్తకంలో రెండు పేజీలు

మా ఊరి పొదుపు సంఘం తీర్మానాల పుస్తకంలో 2020 మార్చి సమావేశం తర్వాత రెండు పేజీలు ఖాళీ. మళ్ళీ జూన్‌లోనే సంతకాలు, వేలిముద్రలు. ఆ రోజుల్లో పుస్తకం రాసే పని నాకే అప్పజెప్పారు కనక ఆ ఖాళీకి నేనూ బాధ్యురాలినే.

కాలేజీకి సెలవులివ్వగానే ఉగాదికని పల్నాడులో అమ్మ దగ్గరికొచ్చాను. సరిగ్గా పండగ రోజే, మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్. 'ఇంట్లోనే ఉండండి' అని టీవీ చెబుతుంటే అమ్మ నవ్వింది. "మనం ఇంట్లో ఉండటం కొత్తా? మగాళ్ళుండటమే కొత్త." పూటపూటకీ వంట, మధ్యలో నాలుగుసార్లు టీ. జన్‌ధన్ ఖాతాలో పడ్డ 500 రూపాయల కోసం బ్యాంకు ముందు సుద్దముక్కతో గీసిన గుండ్రాల్లో చెప్పులు వదిలి, చెట్టు నీడన కూర్చునేవాళ్ళం. ఆ కాస్సేపే తీరిక. మందు దుకాణాలు మూతపడి సాయంత్రాలు కొంత నెమ్మదించాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకి ఎదురుతిరిగి పోరాడితే దక్కింది, ఇక్కడ ఒక ఉత్తర్వుతో వచ్చింది. మే 4న ఇంకో ఉత్తర్వుతో పోయింది.

ఇవన్నీ ఎవరైనా రాస్తారు. నేను రాయనిది వేరే ఉంది.

గుంటూరు మిర్చి యార్డు మూతపడింది. కాయ కల్లాల్లోనే ఉంది. కోతలకని కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి వచ్చిన కుటుంబాలు తిరిగి వెళ్ళే దారిలేక పొలాల్లో పట్టాల గుడారాల్లోనే చిక్కుకుపోయాయి. ఏటా మా వాళ్ళతో పక్క సాలులోనే కాయ కోసే ఆడవాళ్ళు వాళ్ళు. జబ్బు భయంతో ఊరి మొగదల ముళ్ళకంప అడ్డం వేశారు. బోరు కంపకి ఇవతల ఉంది, గుడారాలు అవతల.

నీళ్ళ సంగతి సంఘంలోకొచ్చింది. రానివ్వొద్దన్నది మగాళ్ళు కాదు, మా సంఘం ఆడవాళ్ళే. "మన పిల్లలకి తగిలితే ఎవరు చూస్తారు?" ఆ భయం అబద్ధం కాదు, రోగి మంచం పక్కన ఉండాల్సింది వాళ్ళేగా. ఒక్క పిన్ని మాత్రం ఏమీ మాట్లాడకుండా లేచి, రెండు బిందెలు కంప దాకా మోసి అక్కడ పెట్టి వచ్చింది. మర్నాడూ అంతే. కూలీల కోసం బస్సులొచ్చేదాకా మోసింది. అన్ని రోజులూ ఆమెని మా వాళ్ళు దూరం పెట్టారు.

నేను పెన్ను తీస్తే సంఘం లీడరు ఆపింది. "ఇది బ్యాంకు వాళ్ళు చూసే పుస్తకం అమ్మాయ్. నీళ్ళ గొడవ ఇందులో ఎందుకు?" ఆపేశాను. సంఘాలు కుట్టిన మాస్కుల లెక్క అధికారుల దగ్గరుంటుంది. ఆ బిందెల లెక్క ఎక్కడుంది? 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల నోటి మాటల్లోంచి పుట్టిన ఆ పుస్తకాన్ని ఏటా క్లాసులో చెప్పేదాన్ని నేనే. ఆడవాళ్ళని అడగాలని తెలుసు. మన ఆడవాళ్ళే కంపకి ఇవతల నిలబడ్డప్పుడు ఏం రాయాలో తెలియలేదు.

మొన్న సంక్రాంతికి పిన్నిని అడిగాను, ఇప్పుడైనా రాసుకోనా అని.

"రాసుకో. కంప కొట్టుకొచ్చిందెవరో కూడా రాస్తావా?"

కొట్టుకొచ్చిన వాళ్ళలో మా తమ్ముడున్నాడు. వాడికి కత్తి అందించింది నేను.