మితవాద శిబిరంలో చీలికలు: దళితుల వైపు నుంచి ఒక పరిశీలన

మితవాద పార్టీలన్నిటినీ ఒకే గాటన కట్టేసి 'అంతా మనువాదులే' అని ముగించడం మన సభల్లో అలవాటైపోయింది. మాట తప్పు కాదు గానీ దాంతో పని జరగదు. వాళ్లలో వాళ్లు దేని మీద కొట్టుకున్నారు, చివరికి ఎవరు ఎవర్ని మింగారు అన్నది తెలియకపోతే, వాళ్లు మన పేటల్లోకి ఏ దారిన వచ్చారో మనకు అర్థం కాదు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ శిబిరంలో మూడు పాయలు కనిపిస్తాయి. మొదటిది సనాతనులది. 1948లో కర్పాత్రి స్వామి పెట్టిన రామరాజ్య పరిషత్ దీనికి నమూనా. హిందూ కోడ్ బిల్లును వీళ్లు వీధికెక్కి ఎదిరించారు. ఆ బిల్లు మూలన పడటం 1951 సెప్టెంబరులో అంబేద్కర్ రాజీనామాకు ఒక ముఖ్య కారణం. 1950ల్లో కాశీ విశ్వనాథుడి గుళ్లోకి దళితులు అడుగుపెడితే, కర్పాత్రి వేరే విశ్వనాథ మందిరమే కట్టించుకున్నారు. మనల్ని గడప బయట నిలబెట్టడమే వీళ్ల రాజకీయం. అందులో దాపరికం లేదు. 1952 లోక్‌సభలో దక్కినవి మాత్రం 3 సీట్లు.

రెండోది ఆస్తిపరులది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ భూపరిమితి, సహకార వ్యవసాయం కావాలని తీర్మానించింది. ఆ ఏడాదే రాజాజీ, మినూ మసానీ తదితరులు స్వతంత్ర పార్టీ పెట్టారు. నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా తొలి అధ్యక్షుడు. సంస్థానాధీశులు, పారిశ్రామికవేత్తలు, పెద్ద రైతులు ఒకచోట చేరారు. 1967లో లోక్‌సభలో 44 సీట్లు, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29 సీట్లు గెలిచారు. గౌతు లచ్చన్న వంటి వెనుకబడిన కులాల నాయకుడూ ఇందులో ఉన్నారు కాబట్టి దీన్ని అగ్రకుల పార్టీ అని ఒక్క ముక్కలో తేల్చెయ్యలేం.

ఈ పార్టీకి 21 సూత్రాలుండేవి. వాటి పరిధిలోకి రాని విషయాల్లో సభ్యులు ఎవరిష్టం వాళ్లది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఎవరి స్వేచ్ఛ ఇది? భూపరిమితి వస్తే మిగులు భూమి పోయేది ఆసామికి, దక్కాల్సింది కూలీకి. ఆసామి ఆస్తి హక్కే స్వేచ్ఛ అయినప్పుడు, సెంటు భూమి లేనివాడికి అందులో వాటా ఏముంది? రాజాజీ 1953లో మద్రాసు ముఖ్యమంత్రిగా తెచ్చిన చదువు పథకం చూడండి. పల్లె పిల్లలకు ఒంటిపూట బడి, మిగతా పూట ఇంటి వృత్తి. ఇది కులవిద్య అని పెరియార్, ద్రవిడ ఉద్యమం తిరగబడ్డాయి. 1954లో ఆయన పదవి దిగాల్సి వచ్చింది. చెప్పులు కుట్టేవాడి కొడుకు చెప్పులే కుట్టాలనడానికి శాస్త్రం చదవక్కర్లేదు. పొదుపు పేరు చెప్పినా సరిపోతుంది.

మూడోది సంఘ్ పాయ. 1951లో పుట్టిన జనసంఘ్ దీని రాజకీయ రూపం. సనాతనులు మనల్ని ముట్టుకోమన్నారు, ఆస్తిపరులకు మన కూలి చాలు. వీళ్లకు కావాల్సింది మన తలల లెక్క. హిందువులంతా ఒకటి అనాలంటే మనం లేకుండా కుదరదు. అందుకే 1964లో పుట్టిన విశ్వ హిందూ పరిషత్, 1969లో ఉడిపిలో అంటరానితనానికి ధర్మంలో చోటు లేదంది. 1974లో పూనాలో దేవరస్ అదే మాట చెప్పారు. 1981లో మీనాక్షిపురం దళితులు ఇస్లాం తీసుకున్నాక ఈ కంగారు ఇంకా పెరిగింది. 1983లో సామాజిక సమరసతా మంచ్ వచ్చింది.

వీళ్లలోనూ తగాదా లేకపోలేదు. ద్వంద్వ సభ్యత్వం గొడవతో 1979లో జనతా పార్టీ చీలింది. 1980లో పుట్టిన బీజేపీ 'గాంధేయ సోషలిజం' అంది. 1984లో మిగిలినవి 2 సీట్లు, అందులో ఒకటి మన హనుమకొండ. మెతకదనం లాభం లేదనే వాదన బలపడింది. 1989లో పాలంపూర్‌లో పార్టీ రామమందిరం తీర్మానం చేసింది. 1990 ఆగస్టు 7న మండల్ సిఫార్సుల అమలు ప్రకటన, సెప్టెంబరు 25న రథయాత్ర. 1992లో మసీదు కూల్చిన రోజు డిసెంబరు 6, అంబేద్కర్ వర్ధంతి.

గమనించాల్సింది ఇదే. గుడి తలుపు మూసినవాళ్లు కుదించుకుపోయారు, తెరుస్తామన్నవాళ్లు దూకుడుగా పెరిగారు. 1974లో స్వతంత్ర పార్టీ లోక్‌దళ్‌లో కలిసి మాయమైంది. 2000లో హైదరాబాదు దళితుడు బంగారు లక్ష్మణ్ బీజేపీ అధ్యక్షుడయ్యారు. కాబట్టి 'వీళ్లు మనల్ని రానివ్వరు' అనే పాత విమర్శ ఇవాళ పనిచెయ్యదు. రానిస్తారు. కానీ సమరసత అంటే కులాలు ఉండగానే కలిసిమెలిసి ఉండమనడం. అంబేద్కర్ అడిగింది కులాలు పోవాలని.

మన పేటలో సహపంక్తి భోజనానికి ఎవరొచ్చినా కూర్చోబెడదాం. విస్తరి ఎత్తేముందు మాత్రం మిగులు భూమి సంగతి, పూజారి పదవి సంగతి, కులాంతర పెళ్లి సంగతి అడుగుదాం. మూడు పాయలవాళ్లూ ఇన్నేళ్లుగా తప్పించుకుంటున్నది ఈ ప్రశ్నల్నే.